బ్రిడ్జ్‌లో ఎదుటివాళ్లు 1 నో ట్రంప్ ఓపెన్ చేస్తే 7 పాయింట్లతో బిడ్ చేయొచ్చా?

పెరంబూరు_పార్ట్‌నర్:

అందరికీ నమస్కారం. ఉండేది చెన్నైలో, పెరంబూరు. ఆదివారం మధ్యాహ్నాలు మా బాబాయితో కలిసి డూప్లికేట్ బ్రిడ్జ్ పెయిర్స్ (జంటలన్నిటికీ అవే చేతులు ఇచ్చి స్కోర్లు పోల్చే పోటీ) ఆడతాను. ఆయన కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. కార్డ్ ప్లేలో ఆయనకి తిరుగులేదు. ఏ రాణి ఎవరి చేతిలో ఉందో సగం ఆటకల్లా చెప్పేస్తారు. మా ఇద్దరికీ పొసగనిదల్లా ఒక్కచోటే, ఎదుటివాళ్లు 1 నో ట్రంప్ (తురుపు లేకుండా 7 ట్రిక్స్ చేస్తామన్న బిడ్) ఓపెన్ చేసినప్పుడు.

బాబాయి మాట ఇది: "వాళ్లు 15 నుంచి 17 పాయింట్లు ఉన్నాయని చెప్పేశారు. నీ దగ్గర కూడా 15 ఉంటే డబుల్ కొట్టు. లేదంటే పాస్ చెయ్యి, డిఫెన్స్‌లో చూసుకుందాం." (పాయింట్లంటే ఏస్‌కి 4, కింగ్‌కి 3, క్వీన్‌కి 2, జాక్‌కి 1. డబుల్ అంటే వాళ్లు చెయ్యలేరని పెనాల్టీ పెంచే బిడ్.) ఆయన నేర్చుకున్న రోజుల్లో అందరూ అలాగే ఆడేవారట.

మొన్న ఆదివారం వచ్చిన బోర్డు చూడండి. రెండువైపులా నాన్ వల్నరబుల్ (తగ్గితే పెనాల్టీ తక్కువ పడే స్థితి). ఈస్ట్ డీలర్, 1 నో ట్రంప్ అన్నారు. సౌత్‌లో నా చేయి:

స్పేడ్స్: కింగ్, జాక్, 10, 7, 4
హార్ట్స్: 6
డైమండ్స్: క్వీన్, జాక్, 9, 5, 2
క్లబ్స్: 8, 3

మా ఒప్పందం ప్రకారం పాస్. వెస్ట్ పాస్, బాబాయి పాస్. ఈస్ట్ 8 ట్రిక్స్ చేశారు, మాకు మైనస్ 120. ఆట అయ్యాక షీట్ చూస్తే మా వైపు కూర్చున్నవాళ్లలో చాలామంది 2 స్పేడ్స్ (స్పేడ్స్ తురుపుగా 8 ట్రిక్స్) ఆడి ప్లస్ 110 తెచ్చుకున్నారు. బాబాయి చేతిలో ఉన్నవి ఇవి:

స్పేడ్స్: క్వీన్, 8, 3
హార్ట్స్: కింగ్, 9, 5, 2
డైమండ్స్: ఏస్, 8
క్లబ్స్: జాక్, 9, 6, 5

నా చేతిలో 7, ఆయన చేతిలో 10. వాళ్లకి 23. అంత తక్కువతో మనం బిడ్ చేసి ప్లస్‌లో ఉండటం ఎలా కుదిరింది? ఇలాంటి చేతితో మాట్లాడాలంటే ఏ కన్వెన్షన్ (బిడ్లకి ముందే అనుకున్న అర్థాలు) పెట్టుకోవాలి? బాబాయికి బోలెడు గుర్తుపెట్టుకునే సిస్టమ్ వద్దు. దయచేసి ఆయనకి నేను చదివి వినిపించేలా చెప్పండి.

వేళచ్చేరి_డబుల్:

డోంట్ అనే కన్వెన్షన్ పెట్టేసుకోండి అక్కా. అమెరికన్ ఆటగాడు మార్టీ బెర్గెన్ చేసినది, రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. డబుల్ అంటే ఏదో ఒక్క సూట్ పొడుగ్గా ఉంది. 2 క్లబ్స్ అంటే క్లబ్స్, ఇంకో పై సూట్. 2 డైమండ్స్ అంటే డైమండ్స్, ఏదో ఒక మేజర్ (స్పేడ్స్ గానీ హార్ట్స్ గానీ). 2 హార్ట్స్ అంటే రెండు మేజర్లూ. మీ చేతికి 2 డైమండ్స్ అంటారు, బాబాయిగారికి డైమండ్స్ రెండే కాబట్టి 2 హార్ట్స్ అని అడుగుతారు, మీరు 2 స్పేడ్స్‌కి దిద్దుతారు. 110 వచ్చేసినట్టే. వాళ్లని హాయిగా 1 నో ట్రంప్ ఆడనివ్వకపోవడమే ముఖ్యం.

అశోక్‌నగర్_ఇస్పేటు:

అమ్మా, మీ బాబాయిగారి సూత్రం డబుల్ వరకూ బాగానే పనికొస్తుంది. దాన్నే సూట్ బిడ్‌కి కూడా వర్తింపజేయడంతో వచ్చింది చిక్కంతా.

1 నో ట్రంప్ మీద డబుల్ కొట్టామంటే మనం డిఫెండ్ చేస్తున్నాం. అక్కడ ట్రిక్స్ ఏస్‌లతో, కింగ్‌లతో రావాలి, కాబట్టి పాయింట్లు లెక్కపెట్టాల్సిందే. సూట్ బిడ్ చేశామంటే మన తురుపు మనకుంది. అప్పుడు మీ ఒంటరి హార్ట్ ఒక బలం. నో ట్రంప్ మీద డిఫెండ్ చేసేటప్పుడు అదే ఒంటరి హార్ట్ మీకు ఎందుకూ కొరగాదు. వాళ్లు హార్ట్స్ నాలుగు రౌండ్లు లాగుతుంటే మీరు మంచి డైమండ్స్ పారేసుకుంటూ కూర్చోవాలి.

ఇప్పుడు 2 స్పేడ్స్ ఆడి చూడండి. స్పేడ్ ఏస్ ఒకటి పోతుంది. హార్ట్ ఏస్ ఒకటి. డైమండ్ కింగ్ ఒకటి, అది ఓపెనర్ దగ్గరే ఉందనుకుందాం. క్లబ్స్ రెండు. మొత్తం ఐదు పోతే మిగిలినవి ఎనిమిది. డైమండ్స్ సమానంగా చీలకపోయినా నార్త్‌లో రెండే ఉన్నాయి, అవసరమైతే మూడోదాన్ని అక్కడ తురుపుతో కొట్టొచ్చు. వెస్ట్ హార్ట్ జాక్‌తో మొదలుపెట్టినా రెండో రౌండ్ మీరు తురుపు వేసేస్తారు. వాళ్ల 23 పాయింట్లలో హార్ట్ క్వీన్ ఉంది, క్లబ్ క్వీన్ ఉంది. మీరు స్పేడ్స్ తురుపుగా ఆడుతుంటే వాటికి ఒక్క ట్రిక్కూ రాదు. బాబాయిగారిని ఈ రెండు క్వీన్లు చూడమనండి, ఎక్కువ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఇంకో చేయి చెప్తాను. స్పేడ్స్ ఏస్, క్వీన్, 7, 6, 4. హార్ట్స్ కింగ్, 8, 3. డైమండ్స్ క్వీన్, 5, 2. క్లబ్స్ జాక్, 4. పన్నెండు పాయింట్లు. 1 నో ట్రంప్ మీద దీనితో నేను పాస్ చేస్తాను, మీ 7 పాయింట్ల చేతితో బిడ్ చేస్తాను. చాలామందికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. కానీ చూడండి, ఈ 5-3-3-2 చేతిలో చెప్పుకోదగ్గ షార్ట్ సూట్ లేదు. 2 స్పేడ్స్ ఆడితే హార్ట్స్‌లో, డైమండ్స్‌లో, క్లబ్స్‌లో అన్నిచోట్లా పోగొట్టుకుంటూ ఉండాలి. పైగా నో ట్రంప్ ఓపెనర్‌కి ఎడమచేతివైపు కూర్చున్నవాళ్లదే లీడ్. స్పేడ్ లీడ్ చేస్తే ఆ సూట్ నిలబడుతుంది, ఆ తర్వాత చేతికి రావడానికి పక్కన కింగ్ ఉంది. వాళ్ల 1 నో ట్రంప్ దానంతటదే పడిపోవచ్చు. మీ చేతికి ఆ అవకాశం లేదు. స్పేడ్స్ నిలబడ్డా మళ్లీ చేతికి రావడానికి పక్కన ఏస్ గానీ కింగ్ గానీ లేదు.

ఇక స్కోర్ సంగతి, పెయిర్స్‌లో ప్రాణమంతా ఇక్కడే ఉంది. వాళ్లు 1 నో ట్రంప్ సరిగ్గా చేస్తే మనకి మైనస్ 90, ఒకటి ఎక్కువ చేస్తే మైనస్ 120. నాన్ వల్నరబుల్‌గా 2 స్పేడ్స్ ఆడి ఒకటి తగ్గితే మైనస్ 50, అది 90 కన్నా నయం. రెండు తగ్గినా మైనస్ 100, అది 120 కన్నా నయం. అంటే గెలిచినా లాభమే, ఓడినా చాలాసార్లు లాభమే. వల్నరబుల్ అయితే లెక్క మారిపోతుంది. ఒకటి తగ్గితే 100, అప్పుడే 90ని దాటిపోయింది. రెండు తగ్గితే 200. పార్ట్ స్కోర్ (గేమ్ బోనస్ రాని చిన్న కాంట్రాక్ట్) బోర్డు మీద మైనస్ 200 అంటే ఆ బోర్డు మర్చిపోవచ్చు. అందుకే వల్నరబుల్‌గా ఉన్నప్పుడు నేను 5-5 గానీ, గట్టి ఆరు కార్డుల సూట్ గానీ ఉంటేనే నోరు తెరుస్తాను. 5-4 అయితే రెండు సూట్లలోనూ 10లు, 9లు ఉండాలి. మీ స్పేడ్స్‌లో జాక్, 10 పక్కపక్కన ఉన్నాయి చూడండి, డైమండ్స్‌లో జాక్, 9. వాటికి పాయింట్ల లెక్కలో పెద్ద విలువ లేదు గానీ టేబుల్ మీద ట్రిక్స్ తెచ్చేవి అవే. అదే కింగ్ కింద 6, 5, 3, 2 ఉంటే వల్నరబుల్‌గా నేను కదలను.

వేళచ్చేరి తమ్ముడు చెప్పిన డోంట్ చెడ్డది కాదు, చాలామంది పెద్ద ఆటగాళ్లు ఆడారు. కానీ పెయిర్స్‌లో నాకు నచ్చదు. స్పేడ్స్ ఉన్న చేతితో 2 డైమండ్స్ అన్నారనుకోండి, వెస్ట్‌కి 2 హార్ట్స్ అనడానికి తలుపు తెరిచిపెట్టినట్టే. నేరుగా 2 స్పేడ్స్ అంటే వాళ్లు మూడో లెవెల్‌కి వెళ్లాలి. 7 పాయింట్లున్న వెస్ట్‌కి అది అంత సులువు కాదు. ఇంకోటి, 2 డైమండ్స్ చేస్తే 90, 2 స్పేడ్స్ చేస్తే 110. పెయిర్స్‌లో ఆ 20 పాయింట్లు సగం ఫీల్డ్‌ని దాటించేస్తాయి. పైపెచ్చు డోంట్‌లో డబుల్ ఒక సూట్‌కి పోతుంది, బాబాయిగారికి ఇష్టమైన పెనాల్టీ డబుల్ చేజారిపోతుంది.

మీకు నేను చెప్పేది మల్టీ ల్యాండీ. ఆల్విన్ ల్యాండీ పేరు మీదున్న పాత ల్యాండీలో 2 క్లబ్స్ అంటే రెండు మేజర్లు. దాన్ని అలాగే ఉంచి కాస్త పెంచారు. 2 డైమండ్స్ అంటే ఏదో ఒక మేజర్ ఆరు కార్డులు. 2 హార్ట్స్ గానీ 2 స్పేడ్స్ గానీ అంటే ఆ మేజర్ ఐదు, పక్కన ఒక మైనర్ (క్లబ్స్ గానీ డైమండ్స్ గానీ) నాలుగో ఐదో. 2 నో ట్రంప్ అంటే రెండు మైనర్లు. డబుల్ అంటే బాబాయిగారి డబుల్, పదిహేనూ ఆపైన. ఆయన సూత్రానికి ఏ భంగమూ రాదు, పాస్ అయ్యే చోట్ల కొన్ని బిడ్లు చేరాయి అంతే. మీ చేతికి 2 స్పేడ్స్ అంటారు, ఆయన మూడు స్పేడ్స్ చూసి పాస్ చేస్తారు.

పెరంబూరు_పార్ట్‌నర్:

చాలా థాంక్సండీ. రెండు క్వీన్ల సంగతి వినిపిస్తే బాబాయి బోర్డు మళ్లీ పరిచి ఆడి చూశారు. ఎనిమిది వచ్చాయి. ఆ తర్వాత రెండు ప్రశ్నలు అడిగారు, ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

"నువ్వు 2 స్పేడ్స్ అన్నావు. నా దగ్గర స్పేడ్ ఒక్కటే ఉంది. నీ మైనర్ ఏదో నాకు తెలీదు. అప్పుడు నేనేం చెయ్యాలి?" ఇది మొదటిది. రెండోది, "ఆ బోర్డులో నా దగ్గర 10 ఉన్నాయి, నాలుగో సీట్లో నేనే ఏదో ఒకటి అనుండాల్సిందా?"

నాలుగో_సీటు:

రెండోదానికి నేను చెప్తాను, ఇది నాకు ఇష్టమైన చోటు. బాబాయిగారు పాస్ చేయడం పూర్తిగా సరైనది. 3-4-2-4 చేతితో ఏ సూట్ అంటారు? నాలుగు కార్డుల హార్ట్స్‌తో రెండో లెవెల్‌కి వెళ్తే పార్ట్‌నర్ ఒంటరి 6 పరుస్తారు. ఆ బోర్డులో మాట్లాడాల్సింది సౌత్ ఒక్కరే.

కానీ నాలుగో సీట్లో షేప్ ఉంటే నేను ఇంకా ధైర్యంగా వెళ్తాను. ఓపెనర్ 15 నుంచి 17 చూపించారు. వెస్ట్ పాస్ చేశారంటే మామూలుగా 7 మించి ఉండవు, 8 ఉంటే ఇన్వైట్ చేసేవారు. 40లోంచి తీసేస్తే మన ఇద్దరికీ కలిపి తక్కువలో తక్కువ 16 ఉంటాయి, ఎక్కువసార్లు 20 దగ్గర్లో ఉంటాయి. నా దగ్గర 6 ఉంటే పార్ట్‌నర్ దగ్గర కనీసం 10. అవి ఉన్న చోటు కూడా మంచిది. సౌత్ కూర్చునేది ఈస్ట్ తర్వాత, కాబట్టి ఆమె కింగ్‌లు, క్వీన్‌లు ఓపెనర్ ఏస్‌ల వెనక ఉంటాయి. అందుకే 5-4-3-1 చేయి, 8 పాయింట్లు నాకు నాలుగో సీట్లో వస్తే బిడ్ చేయకుండా వదలను. పైగా నాలుగో సీటువాళ్లకి లీడ్ లేదు, వాళ్ల పొడుగు సూట్ పార్ట్‌నర్ లీడ్ చేస్తారన్న భరోసా లేదు. ఊరికే కూర్చుని లాభం తక్కువ.

పైన చెప్పినదాంట్లో ఒక్కచోట నాది వేరే అభిప్రాయం. రెండు సూట్లు చూపించి ఆఖరికి వాళ్లే ఆడితే, మన షేప్ మొత్తం డిక్లేరర్‌కి (కాంట్రాక్ట్ ఆడేవాళ్లకి) చెప్పేసినట్టే. ఏ ఫినెస్ (పెద్ద కార్డు ఎవరి దగ్గరుందో ఊహించి ఆడటం) ఎటువైపు తీయాలో వాళ్లకి తెలిసిపోతుంది. అందుకని 1 నో ట్రంప్ ఓపెన్ కాకముందే పార్ట్‌నర్ పాస్ చేసి ఉంటే, అంటే మన వైపు గేమ్ లేదని తేలిపోయాక, పలచటి 5-4 చేతులతో నేను తగ్గుతాను. టీమ్స్‌లో అయితే ఈ జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ.

అశోక్‌నగర్_ఇస్పేటు:

డిక్లేరర్‌కి దారి చూపిస్తామన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. టీమ్స్ గురించి మాత్రం ఒప్పుకోను. ఈ బోర్డే టీమ్స్‌లో వచ్చిందనుకోండి. ఇక్కడ మీరు 2 స్పేడ్స్ చేసి 110. అవతల టేబుల్‌లో ఎదుటి సౌత్ పాస్ చేస్తే మన టీమ్ వాళ్లు 1 నో ట్రంప్‌లో 120. కలిపితే 230, అంటే 6 ఐఎంపీలు (టీమ్స్‌లో రెండు టేబుళ్ల స్కోరు తేడాకి ఇచ్చే పాయింట్లు). ఒక్క పార్ట్ స్కోర్ బోర్డులో 6 తెచ్చుకుంటే దాన్ని చిన్నచూపు చూడకూడదు.

ఇక బాబాయిగారి మొదటి ప్రశ్న. స్పేడ్స్ రెండు ఉంటే పాస్, ఆలోచించనక్కర్లేదు. 5-2 ఫిట్ (ఇద్దరి చేతుల్లో కలిపి ఉన్న తురుపులు) రెండో లెవెల్‌లో బాగానే ఆడుకోవచ్చు. ఒక్కటే ఉండి రెండు మైనర్లలోనూ నాలుగేసి ఉంటే 2 నో ట్రంప్ అనాలి. అది "నీ మైనర్ ఏది?" అన్న ప్రశ్న. మీరు 3 క్లబ్స్ గానీ 3 డైమండ్స్ గానీ అంటారు, ఆయన పాస్ చేస్తారు. 3 డైమండ్స్ చేసినా 110 వస్తుంది. స్పేడ్ ఒక్కటే ఉండి ఒక మైనర్లోనే నాలుగుంటే, రెండోదాంట్లో రెండో మూడో ఉంటే, పాస్ చేసి 5-1లో ఆడటమే మేలు. మూడో లెవెల్‌లో ఏడు కార్డుల ఫిట్‌లో డబుల్ పడితే అంతకంటే కష్టం.

స్పేడ్స్ నాలుగుండి షార్ట్ సూట్ ఉంటే నేరుగా 3 స్పేడ్స్ అనేయండి, వాళ్లకి చోటు దొరకకుండా. గేమ్ ఉంటుందేమో అనిపించే 13, 14 పాయింట్ల చేతితో మళ్లీ ఆ 2 నో ట్రంపే. మైనర్ తెలుసుకుని తర్వాత 3 స్పేడ్స్ అంటే "నాకు బలం ఉంది, నీది మంచి చేయి అయితే 4కి వెళ్లు" అని. మొదటే 3 స్పేడ్స్ అంటే బలం లేదు, కార్డులున్నాయంతే. ఈ తేడా ఇద్దరూ కార్డు మీద రాసుకోండి. ఎదుటివాళ్లు అడిగితే పూర్తిగా చెప్పాలి, అలర్ట్ (బిడ్‌కి ప్రత్యేక అర్థం ఉందని ఎదుటివాళ్లకి తెలపడం) మర్చిపోవద్దు.

2 డైమండ్స్ మీద ఆయన సాధారణంగా 2 హార్ట్స్ అంటారు. మీది హార్ట్స్ అయితే పాస్ చేస్తారు, స్పేడ్స్ అయితే దిద్దుతారు. 2 క్లబ్స్ మీద రెండు మేజర్లూ సమానంగా ఉంటే 2 డైమండ్స్ అని, పొడుగైనది మిమ్మల్నే ఎంచుకోమనాలి.

ఒక హెచ్చరిక. ఇదంతా 15 నుంచి 17 ఉన్న బలమైన నో ట్రంప్‌కి. ఎకోల్ అనే బ్రిటిష్ సిస్టమ్ ఆడే జంట వచ్చి 12 నుంచి 14తో ఓపెన్ చేస్తే బాబాయిగారి డబుల్‌కే పెద్దపీట. అక్కడ మనకే గేమ్ ఉండే అవకాశం ఎక్కువ, వాళ్లు 1 నో ట్రంప్ డబుల్‌లో వల్నరబుల్‌గా రెండు తగ్గితే 500. కాబట్టి కూర్చోగానే రేంజ్ అడగండి.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెప్తున్నాను. ఈ వయసులో కొత్తవి ఎందుకని బాబాయిగారు అనొచ్చు. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో పెయిర్స్ బంగారు పతకం తెచ్చిన ప్రణబ్ బర్ధన్‌కి అప్పుడు 60 ఏళ్లు, శివనాథ్ సర్కార్‌కి 56. ఇంట్లో కూర్చుని ఒక పని చేయండి. పేక పంచి, ఎవరికైనా 15 నుంచి 17తో సమానమైన చేయి వస్తే ఆ బోర్డు ఉంచుకోండి, రాకపోతే మళ్లీ పంచండి. ఆ చేతికి ఎడమవైపు చేయి చూసి బిడ్ చేయాలా వద్దా అని ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాయండి. తర్వాత నాలుగు చేతులూ పరిచి చూడండి. వల్నరబిలిటీ మార్చి అదే బోర్డు మళ్లీ. ఇద్దరి జవాబూ ఒకటే కావడం మొదలయ్యాక క్లబ్‌లో ఆడండి.

పెరంబూరు_పార్ట్‌నర్:

కార్డు మీద రాసేశామండీ. వల్నరబుల్‌గా 5-5 గానీ ఆరు కార్డులు గానీ ఉంటేనే అన్నది బాబాయి పెద్ద అక్షరాల్లో రాయించారు. నాలుగో సీటు విషయం ఆయనకి బాగా నచ్చింది. "రెండువైపులా లెక్క తేలాక మాట్లాడటం నాకు ఇష్టమే" అన్నారు. ఇంకొక్కటి మిగిలింది. నేను ఒక మేజర్ అని 2 డైమండ్స్ అంటే, వెస్ట్ డబుల్ కొడితే? ఆయనకి ఆ టెన్షన్ ఉంది.

అశోక్‌నగర్_ఇస్పేటు:

మేం ఆడేది ఇలా. ఆయన పాస్ చేస్తే "నా దగ్గర డైమండ్స్ పొడుగ్గా ఉన్నాయి, నీకూ రెండు మూడుంటే ఇక్కడే ఆడదాం" అని. డైమండ్ ఒక్కటే ఉంటే మీరు మీ మేజర్‌కి వెళ్లిపోవచ్చు. ఆయన రీడబుల్ (డబుల్ మీద మళ్లీ డబుల్) అంటే "నీ మేజర్ ఏదో నువ్వే చెప్పు" అని. 2 హార్ట్స్ అంటే ఎప్పటిలాగే పాస్ చెయ్యి లేదా దిద్దు. ఎక్కువసార్లు వచ్చేది 2 హార్ట్సే, ముందు అది అలవాటు చేసుకోమనండి. మిగతా రెండూ కార్డు మీద ఉంటే చాలు.